పాత లాప్‌టాప్ మొండికేస్తే...

మీ ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉందనుకోండి. అన్నయ్య డిగ్రీ చదివే రోజుల్లో కొన్నది. ఇప్పుడు అది మీ చేతికి వచ్చింది. దాంట్లోనే పాఠాల వీడియోలు చూస్తారు, ప్రాజెక్టు పనులు రాసుకుంటారు. తాతయ్య ఫోటోలు, అక్క పెళ్ళి ఫోటోలు, అన్నయ్య సర్టిఫికెట్ల నకళ్ళు అన్నీ అందులోనే ఉన్నాయి. మామూలుగా బాగానే పనిచేస్తుంది. కాని ఉన్నట్టుండి తెరమీది బొమ్మ నిలిచిపోతుంది. మౌసును ఎంత కదిపినా బాణం గుర్తు కదలదు. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. "మళ్ళీ హ్యాంగయింది!" అంటారు మీరు.

అప్పుడు సలహాలకు కొదవ ఉండదు. "వైరస్ పట్టింది" అంటారొకరు. "పాతదైపోయింది, పారేసి కొత్తది కొనండి" అంటారు ఇంకొకరు. "ఫార్మాట్ కొట్టించండి, అన్నీ సర్దుకుంటాయి" అంటారు మరొకరు. ఫార్మాట్ అంటే ఏమిటి? డిస్కు మీద ఉన్నదంతా చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టడం. జబ్బు డిస్కులో కాక ఇంకెక్కడో ఉంటే ఏమవుతుంది? ఫోటోలు పోతాయి, జబ్బు మాత్రం మిగిలే ఉంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటివారికోసమే పుట్టింది.

జ్వరం ఒక జబ్బు కాదు, జబ్బుకు గుర్తు మాత్రమే. మలేరియాకూ జ్వరమే, టైఫాయిడ్‌కూ జ్వరమే. మంచి వైద్యుడు జ్వరం ఏ వేళ వస్తున్నదో, చలితో వస్తున్నదో లేదో అడుగుతాడు. రక్తపరీక్ష చేయించాకే మందు రాస్తాడు. హ్యాంగవడం కూడా అంతే. దాని వెనుక నాలుగైదు కారణాలుంటాయి. వాటిలో ఏది మీ యంత్రంలో ఉందో పరీక్షించి తెలుసుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

అన్నిటికంటే ముందు

కారణం వెతకడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది. లాప్‌టాప్ పనిచేస్తున్న సమయం చూసుకుని, ముఖ్యమైన ఫోటోలు, కాగితాల నకళ్ళు, మీ రాతపనులు ఒక పెన్‌డ్రైవ్‌లోకో, మరొక కంప్యూటర్‌లోకో నకలు తీసి పెట్టుకోండి. ఒక్కచోటే ఉన్న సమాచారం ఎప్పుడైనా పోవచ్చు. రెండుచోట్ల ఉంటే ఒకటి పోయినా రెండోది దక్కుతుంది. యంత్రం చెడిపోతే డబ్బుతో మరొకటి కొనవచ్చు. తాతయ్య ఫోటో ఏ దుకాణంలోనూ దొరకదు.

ఎలా నిలిచిపోయింది?

నిలిచిపోవడంలోనూ రకాలున్నాయి. ఈసారి హ్యాంగయినప్పుడు కంగారుపడకుండా క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడండి. చాలా లాప్‌టాప్‌లలో ఈ మీటకు ఒక చిన్న దీపం ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా అది వెలిగి ఆరుతూ ఉంటే యంత్రం లోపల ఇంకా మెలకువగానే ఉందన్నమాట. ఏదో ఒక ప్రోగ్రాము మాత్రమే ఇరుక్కుపోయి ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఓపిక పడితే దానంతట అదే తేరుకోవచ్చు. దీపం ఏమాత్రం మారకపోతే యంత్రం పూర్తిగా బిగుసుకుపోయిందని అర్థం. అప్పుడు పవర్ మీటను సుమారు పది సెకన్లు నొక్కిపట్టి ఆపడం తప్ప దారి లేదు.

మరికొన్ని సంగతులు కూడా గమనించండి. అప్పుడు ఫ్యాను గట్టిగా మోగుతున్నదా? అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందా? డిస్కు దీపం ఆరకుండా వెలుగుతున్నదా? లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తున్నదా? అన్నిటికంటే ముఖ్యమైనది, అప్పుడు గంట ఎంతయింది?

గంటతో ఏమి పని అంటారా? అనంతపురం సీమలో ఆ ప్రశ్నకు చాలా విలువ ఉంది.

మొదటి అనుమానం: వేడి

లాప్‌టాప్‌కు మెదడు ప్రాసెసర్ అనే చిప్పు. అందులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి. ప్రతి ట్రాన్సిస్టరూ విద్యుత్తును ఆపుతూ, వదులుతూ ఉండే ఒక సూక్ష్మమైన స్విచ్చి. అలా ఆపి వదిలినప్పుడల్లా కొంత విద్యుచ్ఛక్తి ఉష్ణశక్తిగా మారుతుంది. మామూలు లాప్‌టాప్ ప్రాసెసర్ వాడుకునేది సుమారు 15 వాట్లే. ఇంత తక్కువా అనిపిస్తుంది. కాని ఆ వేడంతా పుట్టే చోటు బొటనవేలి గోరంత.

పోల్చి చూడండి. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు వాడుకుంటుంది. దాని అడుగు వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లనుకుందాం. అంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసర్‌లో అదే చదరపు సెంటీమీటరుకు దాదాపు 15 వాట్లు! కాబట్టి ఈ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే చిప్పు నిలవదు. కంప్యూటర్లకు ఈ బాధ కొత్తది కాదు. 1946లో అమెరికాలో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులుండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తు తినేది. దాన్ని చల్లబరచడానికే పెద్ద పెద్ద ఫ్యాన్లు కావలసివచ్చాయి.

మరి మీ లాప్‌టాప్‌లో వేడి ఎలా బయటపడుతుంది? చిప్పు మీద పలుచగా ఒక ముద్ద పూస్తారు. దీన్ని థర్మల్ పేస్టు అంటారు. చిప్పుకూ పైనున్న లోహానికీ మధ్య కంటికి కనబడని సందులుంటాయి. వాటిలో గాలి ఉంటే వేడి దాటదు. ఆ సందులను ఈ ముద్ద పూడుస్తుంది. దానిమీద ఒక బల్లపరుపు రాగి గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో గాలి తీసేసి కొద్దిగా నీరు పోసి మూసేస్తారు. పీడనం తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలకంటే చాలా ముందే ఆవిరవుతుంది. చిప్పు దగ్గర ఆవిరైన నీరు గొట్టం రెండో చివరకు పోయి, అక్కడ వేడిని వదిలి మళ్ళీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు వత్తిలాంటి పొర ఉంటుంది. దీపపు వత్తిలో నూనె పైకి పాకినట్లే, నీరు ఈ పొర వెంట పాకి తిరిగి చిప్పు దగ్గరకు చేరుతుంది. మోటారు లేదు, పంపు లేదు. ఎంత చక్కని ఏర్పాటో చూశారా! గొట్టం చివర సన్నని లోహపు రెక్కలుంటాయి. ఫ్యాను వాటి మధ్యనుంచి గాలిని తోసి వేడిని బయటికి పంపుతుంది.

కుండకూ లాప్‌టాప్‌కూ తేడా

వేసవిలో మనం కుండలో నీళ్ళు పోసుకుంటాం. బయట 42 డిగ్రీల సెల్సియస్ ఉన్నా కుండలో నీళ్ళు గాలికంటే చల్లగా ఉంటాయి. కుండ రంధ్రాలగుండా నీరు బయటికి ఊరి, ఆవిరై, పోతూపోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరవుతుంది. అందుకే కోస్తా ఊళ్ళకంటే అనంతపురంలో కుండనీళ్ళు మరింత చల్లగా ఉంటాయి.

లాప్‌టాప్‌లోని రాగి గొట్టం అలా కాదు. అది మూసిన గొట్టం. అందులోని ఆవిరి బయటికి పోదు. వేడిని ఈ చివరనుంచి ఆ చివరకు మోసుకుపోవడమే దాని పని. చివరకు ఆ వేడి గదిలోని గాలిలోనే కలవాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రతనుంచి తక్కువ ఉష్ణోగ్రతకే ప్రవహిస్తుంది కదా! కాబట్టి పనిచేస్తున్న చిప్పు గదిలోని గాలికంటే చల్లగా ఎన్నటికీ ఉండలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. బాగున్న లాప్‌టాప్‌లో వీడియో చూస్తున్నప్పుడు చిప్పు గాలికంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకోండి. డిసెంబరు ఉదయం గదిలో 20 డిగ్రీలుంటే చిప్పు 70 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం గదిలో 42 డిగ్రీలుంటే చిప్పు 92 డిగ్రీలు. ఇక దుమ్ము పేరుకుపోయి, పేస్టు ఎండిపోయి ఆ 50 కాస్తా 60 అయిందనుకోండి. డిసెంబరులో 80. మే నెలలో 102!

చాలా ప్రాసెసర్లకు 100 డిగ్రీల చుట్టుపక్కలే హద్దు. ఆ హద్దు దగ్గరికి వస్తున్నప్పుడు చిప్పు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సెకనుకు 200 కోట్ల తాళాలు వేసేది 80 కోట్లకు దిగవచ్చు. వీడియో ఆగి ఆగి నడుస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం టక్కున ఆరిపోతుంది. కొన్నిసార్లు వేడికి లోపలి భాగాల పని గతి తప్పి ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

పై లెక్కను మరొకసారి చూడండి. దుమ్ము ఒక్కటే ఉన్న డిసెంబరులో బాధ లేదు. ఎండ ఒక్కటే ఉన్న మే నెలలో కూడా బాధ లేదు. రెండూ కలిసినప్పుడే హద్దు దాటింది. అందుకే చలికాలంలో "బాగుంది" అనుకున్న యంత్రం వేసవిలో "చెడిపోయింది" అనిపిస్తుంది. నిజానికి అది చలికాలంలోనే సగం చెడి ఉంది. వేసవి దాన్ని బయటపెట్టింది, అంతే.

ఈ సీమలో దుమ్ము ఎందుకెక్కువ?

పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డుకోవడంవల్ల అనంతపురం వర్షచ్ఛాయలో ఉంది. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాల వాన కూడా అరకొరగానే అందుతుంది. సాలీనా సగటు వర్షపాతం 500 నుంచి 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పీకేసిన ఎర్రనేలలు నెలల తరబడి బోసిగా ఉంటాయి. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి జోరుగా వీస్తుంది. రామగిరి కొండలమీద గాలిమరలు నిలబెట్టడానికి కారణం ఈ గాలే. (రామగిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.) గాలిమరలను తిప్పే ఆ గాలే సన్నని ఎర్రమట్టిని కిటికీలగుండా ఇళ్ళలోకి మోసుకొస్తుంది. లాప్‌టాప్ ఫ్యాను ఆ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మట్టి, నూలుపోగులు, వెంట్రుకలు కలిసి లోహపు రెక్కల ముందు బొంతలా పేరుకుంటాయి. ఫ్యాను ఎంత తిరిగినా గాలి దాటదు.

*చేసి చూడండి:* ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసులలో సమానంగా వేడినీళ్ళు పోయండి. ఒకదాన్ని దళసరి ఉన్నిగుడ్డలో చుట్టండి. రెండోదాన్ని అలాగే వదిలేయండి. పావుగంట తరువాత థర్మామీటరుతో రెండింటినీ కొలవండి. (జ్వరం చూసే థర్మామీటరు వాడకండి. బడిలోని ప్రయోగశాల థర్మామీటరు వాడండి.) ఏది వేడిగా ఉంది? లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి పనిచేస్తే ఏమవుతుందో మీకే తెలుస్తుంది.

రెండో అనుమానం: చోటు చాలకపోవడం

కంప్యూటర్ తాను అప్పటికప్పుడు వాడుకునే సమాచారాన్ని ర్యామ్ అనే జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. పాత లాప్‌టాప్‌లలో ఇది 4 జి.బి. లేదా అంతకంటే తక్కువ. ఇవాళ్టి ప్రోగ్రాములకు, వెబ్ పేజీలకు అది చాలడం లేదు. ర్యామ్ నిండిపోతే కంప్యూటర్ కొంత సమాచారాన్ని డిస్కులోకి తోసి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది.

ఇందులో చిక్కేమిటి? పాతరకం హార్డ్‌డిస్కు తిరిగే పళ్ళెం. చాలా లాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు. ఒక్కొక్క చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి వచ్చేదాకా ఆగవలసిందే. ర్యామ్‌నుంచి తీసుకోవడానికి పట్టే కాలం సెకనులో కోటోవంతు. డిస్కునుంచి తేవడానికి సెకనులో వందోవంతు. అంటే లక్షరెట్లు ఎక్కువ!

లక్షరెట్లంటే ఎంతో ఊహించాలంటే, ర్యామ్‌నుంచి తీసుకోవడానికి ఒక సెకను పడుతుందనుకోండి. బల్ల మీది పుస్తకాన్ని చేత్తో అందుకున్నట్లు. అప్పుడు డిస్కునుంచి తేవడానికి లక్ష సెకన్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుంది. అనంతపురంలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, అక్కడి గ్రంథాలయంలో పుస్తకం తీసుకుని తిరిగివచ్చినట్లు. ప్రతి పేజీకీ అలా వెళ్ళివస్తూ ఉంటే పని సాగుతుందా? చూసేవాళ్ళకు యంత్రం నిలిచిపోయినట్లే ఉంటుంది. తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. డిస్కులో ఈ ప్రయాణం 28 గంటలనుంచి పావుగంటకో, ఇరవై నిమిషాలకో తగ్గుతుంది. పాత లాప్‌టాప్‌కు ఎస్.ఎస్.డి. వేయించగానే ప్రాణం లేచివచ్చినట్లుండటానికి కారణం ఇదే.

దీన్ని పరీక్షించడం తేలిక. విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మెమరీ, డిస్కు ఎంత శాతం వాడకంలో ఉన్నాయో కనిపిస్తుంది. మెమరీ నిండుగా ఉండి, డిస్కు 100 శాతం దగ్గర కదలకుండా ఉంటే మీ అనుమానం నిజమే. అక్కరలేని పేజీలు మూసి మళ్ళీ చూడండి.

మూడో అనుమానం: అరిగిన డిస్కు

హార్డ్‌డిస్కులో సూది పళ్ళేన్ని తాకదు. దానిపైన కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. అంటే వెంట్రుక మందంలో వెయ్యోవంతుకంటే తక్కువ! అలాంటి యంత్రం ఏళ్ళ తరబడి తిరిగాక, ఒకటి రెండుసార్లు కిందపడ్డాక, పళ్ళెం మీద కొన్నిచోట్ల సమాచారం చదవడానికి వీలుకాకుండా పోతుంది. డిస్కు పట్టువదలకుండా అదే చోటును మళ్ళీ మళ్ళీ చదవబోతుంది. అంతసేపూ కంప్యూటర్ కాచుకుని కూర్చుంటుంది.

దీని గుర్తులు వేరు. ఉదయమైనా మధ్యాహ్నమైనా తేడా ఉండదు. ఒకే ఫైలు, ఒకే ఫోటోల అర తెరిచినప్పుడు నిలిచిపోతుంది. టిక్కు టిక్కుమని చప్పుడు రావచ్చు. డిస్కులు తమ ఆరోగ్యం లెక్క తామే రాసుకుంటాయి. దాన్ని చదివి చెప్పే ఉచిత ప్రోగ్రాములున్నాయి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అలాంటిదే. అది హెచ్చరిక చూపిస్తే ఇక ప్రయోగాలు ఆపండి. ముందు నకళ్ళు తీసుకోండి. డిస్కును మాత్రం ఎన్నడూ విప్పకండి. ఒక్క దుమ్ము రేణువు ఆ సూదికి బండరాయితో సమానం.

ఇంకా ఎవరెవరు?

ఛార్జరు పాడైతే, బ్యాటరీ చెడితే కూడా యంత్రం బిగుసుకుపోవచ్చు. ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. బాధ పోతే ఛార్జరును అనుమానించాలి. లాప్‌టాప్ అడుగు ఉబ్బినా, మీటల పలక పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే ఆపేసి పెద్దలకు చెప్పండి. దాన్ని నొక్కడం, గుచ్చడం చాలా ప్రమాదం. లిథియం బ్యాటరీ మంటలంటుకోగలదు.

వైరస్‌లు లేవా? ఉన్నాయి. ప్రోగ్రాములలో లోపాలూ ఉంటాయి. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు ఎద్దుల బండ్లను ఊహించండి. "నువ్వు వెనక్కి పో" అంటే "నువ్వే పో" అని రెండూ కాచుకుని నిలబడితే సందు మూసుకుపోయినట్లే. రెండు ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి కాచుకున్నా అంతే జరుగుతుంది.

ఇలాంటి తగాదా ఒకటి అంగారకగ్రహం మీద కూడా జరిగింది! 1997 జూలై 4న పాత్‌ఫైండర్ నౌక అక్కడ దిగింది. కొద్దిరోజులకు దాని కంప్యూటర్ మాటిమాటికీ తనంతట తాను మళ్ళీ మొదలవసాగింది. వాతావరణం కొలిచే చిన్న పని ఒకటి ఉమ్మడి వనరును పట్టుకుని ఉండగా మధ్యతరగతి పనులు దాన్ని తోసుకుని ముందుకు వచ్చేవి. ఆ వనరుకోసం అతిముఖ్యమైన పని ఆగిపోయేది. కాపలా గడియారం "ఎవరో ఇరుక్కుపోయారు" అని కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టేది. భూమిమీది ఇంజనీర్లు ఏం చేశారు? ఊహాగానాలతో సరిపెట్టుకోలేదు. తమ దగ్గరున్న అలాంటి యంత్రంలోనే ఆ తప్పు మళ్ళీ జరిగేదాకా పరీక్షించారు. కారణం దొరికాక ఒక చిన్న అమరికను మార్చి పంపారు. బాధ పోయింది.

మీరూ అలాంటి పరీక్ష చేయవచ్చు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా దానితోనే లాప్‌టాప్‌ను నడపవచ్చు. అప్పుడూ హ్యాంగవుతుంటే తప్పు యంత్రంలో ఉంది. అవకపోతే పాత ప్రోగ్రాములనో, డిస్కునో అనుమానించాలి.

పరిశోధకుడి నోటుపుస్తకం

అనుమానితులను చూశాం. ఇక విచారణ ఎలా చేయాలి? నియమం ఒక్కటే: *ఒక్కసారికి ఒక్క మార్పు.* మార్చినది, జరిగినది రెండూ రాయాలి. ఉదాహరణకు ఒక నోటుపుస్తకం ఇలా ఉందనుకోండి.

మొదటి రోజు: ఏమీ మార్చలేదు. ఉదయం ఆరుకు రెండు గంటలు వీడియో నడిపాం. పూర్తిగా బిగుసుకుపోలేదు. కాని మూడుసార్లు పది పదిహేను సెకన్లు ఆగింది. మధ్యాహ్నం రెండుకు అదే వీడియో. ఇరవై నిమిషాలకు బిగుసుకుపోయింది. క్యాప్స్ లాక్ దీపం మారలేదు.

రెండో రోజు: మధ్యాహ్నం రెండు. అదే గది, అదే వీడియో. లాప్‌టాప్ కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేశాం. నలభై అయిదు నిమిషాలకు బిగుసుకుపోయింది.

మూడో రోజు: మరమ్మతు తెలిసినవారిచేత దుమ్ము తీయించి, కొత్త పేస్టు వేయించాం. మధ్యాహ్నం రెండు. చెక్కముక్కలు అలాగే. రెండు గంటలు నడిచినా బిగుసుకుపోలేదు. కాని పది పదిహేను సెకన్ల ఆగుళ్ళు తగ్గలేదు.

నాలుగో రోజు: టాస్క్ మేనేజర్ చూశాం. మెమరీ 95 శాతం, డిస్కు 100 శాతం. ఇరవై వెబ్ పేజీలు మూసి మూడే ఉంచాం. ఆగుళ్ళు తగ్గాయి. కాని పెళ్ళి ఫోటోల అర తెరిస్తే మాత్రం ఆగుతూనే ఉంది. టిక్కు టిక్కుమని చప్పుడు.

ఇందులో ఏం తేలింది? పూర్తిగా బిగుసుకుపోవడం మధ్యాహ్నం మాత్రమే జరిగింది, గాలి ఆడితే ఆలస్యమైంది, దుమ్ము తీస్తే పోయింది. కాబట్టి దానికి కారణం వేడి. కొద్దిసేపటి ఆగుళ్ళు ఉదయమూ ఉన్నాయి, దుమ్ము తీసినా పోలేదు. కాబట్టి వాటికి కారణం వేరే. వాటిలో కొన్ని చోటు చాలక, మరికొన్ని డిస్కు అరిగి. ఒకే యంత్రంలో మూడు లోపాలు! పైకి మాత్రం అన్నిటికీ ఒకటే పేరు: "హ్యాంగయింది."

మొదటిరోజే ఫార్మాట్ చేసి ఉంటే? దుమ్ము పోయేది కాదు, ర్యామ్ పెరిగేది కాదు, అరిగిన డిస్కు బాగుపడేది కాదు. ఫోటోలు మాత్రం పోయేవి. మూడో రోజునే "బాగైపోయింది" అనుకుని ఆపేసి ఉంటే? చావుకు దగ్గరైన డిస్కు మీద ఫోటోలు అలాగే ఉండిపోయేవి. మొదటి కారణం దొరకగానే వెతకడం మానకూడదన్నది ఇందులో నేర్చుకోవలసిన రెండో సంగతి.

కొన్ని జాగ్రత్తలు

లాప్‌టాప్ విప్పేటప్పుడు పెద్దలు, పని తెలిసినవారు పక్కన ఉండాలి. ఛార్జరు తీసి, యంత్రం ఆపి, వీలైతే బ్యాటరీ తప్పించాలి. దుమ్మును గాలితో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో మెల్లగా పట్టుకోవాలి. విచ్చలవిడిగా తిరిగితే దాని బేరింగు పాడవుతుంది. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపరలు పడతాయి. తడిగుడ్డ వాడకండి. కుండకు చుట్టినట్లు లాప్‌టాప్‌కు తడిబట్ట చుట్టడం అసలే పనికిరాదు.

పొడిగాలిలో మరో చిక్కు ఉంది. ఎండాకాలంలో పాలియెస్టరు చొక్కా విప్పుతుంటే చిటపటలు వినబడతాయి కదా! అది స్థిరవిద్యుత్తు. మనకు తెలిసేలా చురుక్కుమనాలంటే దాదాపు మూడువేల వోల్టులుండాలి. చిప్పులు అంతకంటే చాలా తక్కువకే దెబ్బతింటాయి. లోపలి భాగాలు తాకేముందు భూమికి కలిపిన లోహపు వస్తువు దేన్నయినా ఒకసారి ముట్టుకోండి. మీ ఒంటిమీది విద్యుదావేశం పోతుంది.

పారవేయడం ఎప్పుడు?

బాగుచేయగలిగిన యంత్రాన్ని పారవేస్తే డబ్బుతోపాటు రాగి, అల్యూమినియం, కొద్దిపాటి బంగారం కూడా వృథా. దిబ్బమీద తగలబెడితే విషవాయువులు. మనదేశంలో 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు, తాము తయారుచేసిన సరుకు చివరికి సరైన చోటికి చేరే బాధ్యతను తయారీదార్లమీదే పెట్టాయి. మరమ్మతు కాని యంత్రాన్ని అధికారికంగా నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరేలా ఇవ్వాలి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్ ఎక్కని పాత లాప్‌టాప్‌లెన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో తేలికరకం లినక్స్ చక్కగా నడుస్తుంది. తెర మీది ఆజ్ఞలు తెలుగులోనే కనిపించే లినక్స్‌ను స్వేచ్ఛ అనే సంస్థ రూపొందించింది కూడా. ముసలి ఎద్దుతో బరువు లాగించలేం గాని, తేలిక పనులు చేయించుకోవచ్చు కదా!

మీరే చెప్పండి

1. ఒక లాప్‌టాప్‌లో చిప్పు గాలికంటే 55 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. దాని హద్దు 95 డిగ్రీలు. గదిలో ఎంత ఉష్ణోగ్రత దాటితే వేగం తగ్గించుకుంటుంది?

2. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది?

3. పై నోటుపుస్తకంలో రెండో రోజే చెక్కముక్కలు పెట్టి, దుమ్ము కూడా తీయించి ఉంటే మనకు ఏ సంగతి తెలియకుండా పోయేది?

4. మీ ఇంట్లో వేసవిలో మాత్రమే మొండికేసే మరో యంత్రం ఏదైనా ఉందా? దాని వేడి ఏ దారిన బయటికి పోతుందో వెతికి, బొమ్మ గీయండి.